వెయ్యీ యాభై దగ్గర ఆగిన వేలు

కిందటి వారం ఈ కథని, మా అక్క నా గుమ్మంలో నిలబడి "నీ లెక్క తప్పయితే?" అని అడిగిన చోట ఆపాను. నేను ఆమె ముఖం మీదే తలుపు వేసుకున్నాను. అంతకు ముందు జరిగింది తెలియని వాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఎక్కువ చెప్పాలంటే నాకూ నోరు రాదు.

మాది ఉన్నికి రంగులు అద్దే కార్ఖానా. రంగు దారాన్ని పట్టుకోవాలంటే తొట్టిలో ఆసిడ్ పడాలి, వెనిగర్‌లో ఉండే ఆసిడే. ఆసిడ్ నీలం డ్రమ్ముల్లో వస్తుంది. అది ఎంత ఘాటుదో కొలిచి, డ్రమ్ము మీద సుద్దతో అంకె వేసే పని నాది. ఆ అంకె చూసి తొట్టిలో పోసే పని మా బావది. లేబుల్ ఊడిపోయిన ఒక డ్రమ్ము మీద నెల రోజుల కిందట నేను నలభై ఒకటి వేశాను. అంటే వంద పాళ్ళలో ఆసిడ్ నలభై ఒకటి, మిగతాదంతా నీళ్ళే. అంత పల్చటిదానికి మా దగ్గర ఎవరూ కళ్ళద్దాలు పెట్టుకోరు. బావ కూడా పెట్టుకోలేదు. బకెట్టు అంచు తొట్టికి కొట్టుకుని, ఆసిడ్ చిమ్మి రెండు కళ్ళలోనూ పడింది.

ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి ఈ నెలలోపు ఆపరేషన్ చేస్తే కాస్త వెలుగు మిగలొచ్చని డాక్టరు అన్నాడు. తప్పు బావది కాదని తేలితే ఆ ఆపరేషన్ కంపెనీ చేయిస్తుంది. బావదే అని తేలితే ఇంటికి పంపేస్తుంది. కంపెనీ మాట ఒక్కటే: నలభై ఒకటి ఆసిడ్ కళ్ళని ఇలా తినదు, రిజిస్టర్లో అంకె ఉంది, కొలిచినవాడి సంతకం ఉంది, కాబట్టి ఇతను ఎవరినీ అడక్కుండా పక్క షెడ్డులోని ఘాటు డ్రమ్ములోంచి ముంచుకొచ్చి ఉంటాడు. బావని అడిగితే గుర్తులేదంటాడు. రేపు పదింటికి విచారణ.

అంటే తప్పు బావదైనా కావాలి, నాదైనా కావాలి. మూడో మనిషి లేడు.

అందుకే ఇవాళ మధ్యాహ్నం షిఫ్టు దిగాక, అక్కని వెంటబెట్టుకుని ల్యాబుకి బయల్దేరాను. క్యారియర్ సంచిలో ఆ డ్రమ్ము తాలూకు సీసా ఉంది. ప్రతి డ్రమ్ములోంచీ అరలీటరు తీసి, అంకె వేసిన కాగితం అంటించి బీరువాలో దాచడం మా పద్ధతి. డ్రమ్ముని ప్రమాదం జరిగిన రోజే కడిగేసి వెనక్కి పంపేశారు. సీసాని మాత్రం ఆ సాయంత్రమే నేను ఇంటికి తెచ్చేసుకున్నాను. ఎందుకు తెచ్చావని ఎవరైనా అడిగుంటే, నా అంకెకి సాక్ష్యం నా దగ్గరే ఉండాలని చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

అక్క నాకు రెండడుగులు వెనక నడుస్తోంది. చిన్నప్పుడు నేనే ఆమె వెనక నడిచేవాణ్ణి.

"బావ తప్పు చేశాడని నేను అనలేదక్కా. నా అంకె తప్పు కాదంటున్నాను, అంతే."

"ఆ రెండూ ఒకటే మాట రా."

"మూడుసార్లు ముంచాను. మూడుసార్లూ వెయ్యీ యాభై చూపించింది."

"అవునులే, నీ బుడ్డి అబద్ధం చెప్పదు. పదకొండేళ్ళుగా వింటున్నా. మీ ఆవిడ పుట్టింటికి పోతూ కూడా అదే అంది, ఆ బుడ్డినే కట్టుకోవాల్సింది అని."

బుడ్డి అంటే హైడ్రోమీటరు. కింద బరువున్న గాజు బుడ్డి, పైన సన్నటి కాడ, కాడ మీద గీతలు. ద్రవంలో వదిలితే నిలువుగా తేలుతుంది. ద్రవం చిక్కగా ఉంటే పైకి లేస్తుంది, పల్చగా ఉంటే మునుగుతుంది. ఏ గీత దగ్గర ఆగిందో చూసి, ఆ అంకెని గోడ మీది పట్టికలో వెతుక్కుని, ఎదురుగా ఉన్నది రాసుకోవాలి. ఇంతే నా విద్య. ఆరో తరగతి మధ్యలో బడి మానేసినవాడికి అది చిన్న విద్యేమీ కాదు. కార్ఖానాలో నన్ను బుడ్డి మాస్టారు అంటారు. బయటివాళ్ళు ఆ పేరు విని నేను తాగుతానని అనుకుంటారు. తాగుడు అలవాటుంటే ఈ నెల రోజులూ కొంచెం తేలిగ్గా గడిచేవేమో.

ల్యాబులో కెమిస్టు అమ్మాయి ఒక్కతే ఉంది. ఆమె వచ్చి పది రోజులు కాలేదు. అంతకు ముందు ఏడాదిన్నర ఆ గదికి తాళమే. లేబుల్ లేని డ్రమ్ము వస్తే ల్యాబుకి పంపాలని రూలుంది. ల్యాబులో మనిషి లేనప్పుడు బుడ్డి మాస్టారే ల్యాబు అని ఫోర్‌మన్ నా భుజం తట్టాడు. అబద్ధం ఎందుకు, ఆ మాటకి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"మేడం, ఇది నలభై ఒకటి. మీరు ఒక్కసారి చూసి, అవునని మా అక్కకి చెప్తే చాలు," అన్నాను.

ఆ అమ్మాయి మూత తీసింది. తీసి తల వెనక్కి లాక్కుని దగ్గింది. సీసా మీది అంకె చూసింది, నా ముఖం చూసింది.

"మీకు వాసన రావట్లేదా?"

"వాసనా? నాకు అన్నం మాడినా తెలీదండీ. ఇన్నేళ్ళు ఆ తొట్ల దగ్గరుంటే ముక్కు ఎవరికి మిగులుతుంది?"

అక్క కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. విసుక్కోబోయాను కూడా.

అమ్మాయి సీసా బల్ల మీద పెట్టింది. గ్లౌజులూ కళ్ళద్దాలూ పెట్టుకుని, గాజు గొట్టంలో కొలిచి రెండు వందల మిల్లీ పోసింది. దాన్ని చన్నీళ్ళ గిన్నెలో నిలబెట్టి, థర్మామీటరు ఇరవై చూపించేదాకా ఆగింది. ఎండలో కొలిస్తే ఒక అంకె, చల్లగా కొలిస్తే ఇంకోటి వస్తుంది, అందుకని. అది నాకూ తెలుసు. నేనూ చల్లబరిచే కొలిచాను. పని మీద నాకున్న శ్రద్ధ గురించి ఎవడూ వేలెత్తి చూపలేడు.

బుడ్డి వదిలింది. అది రెండుసార్లు మునిగి లేచి నిలబడింది. ముగ్గురం వంగి చూశాం.

వెయ్యీ యాభై.

నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. నెల రోజులుగా మెడ మీదున్న రాయి ఎవరో దించినట్టుంది. "చూశావా అక్కా," అన్నాను. "చూశావా. నేను చెప్పలేదూ."

అక్క కూలబడినట్టు స్టూలు మీద కూర్చుంది. నా అంకె నిలబడిందంటే ఆమె మొగుడు పడ్డట్టే. ఆ సంగతి నాకు ఆ క్షణంలో తట్టలేదు. తట్టలేదని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే. ఆ నిమిషంలో నేను సంతోషంగా ఉన్నాను.

"మరి ఇది నలభై ఒకటేనా అమ్మా?" అని అడిగింది అక్క.

"ఇంకా చెప్పలేను," అంది అమ్మాయి.

"చెప్పలేకపోవడం ఏంటి మేడం? వెయ్యీ యాభైకి నలభై ఒకటే కదా. మా గోడ మీద ఉంది."

"ఒక్క నిమిషం ఉండండి."

చిన్న గొట్టంతో ఇరవై మిల్లీ నీళ్ళు కొలిచింది. గాజు గొట్టంలో పోసి, కడ్డీతో కలిపి, మళ్ళీ చన్నీళ్ళ గిన్నెలో పెట్టింది. ఈసారీ ఇరవైకి వచ్చేదాకా ఆగాం. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. నీళ్ళు ఎందుకు పోసిందో నాకు అర్థం కాలేదు. పోస్తే పల్చబడుతుంది, బుడ్డి మునుగుతుంది. ఓ నాలుగు గీతలు తగ్గుతుంది. అందులో చూడ్డానికేముంది అనుకున్నాను.

బుడ్డి మళ్ళీ వదిలింది.

బుడ్డి పైకి లేచింది.

కళ్ళు నులుముకుని చూశాను. వెయ్యీ అరవై ఐదు. అమ్మాయి దాన్ని తీసి, తుడిచి, ఇంకోసారి వదిలింది. వెయ్యీ అరవై ఐదు.

ముందుగా మాట్లాడింది అక్కే. ఆమెకి ఈ పని ఓనమాలు కూడా తెలీవు. "నీళ్ళు పోస్తే పల్చన కావాలి కదమ్మా. చిక్కబడిందేంటి?"

అమ్మాయి బల్ల సొరుగులోంచి అట్టపుస్తకం తీసి నా ముందు తెరిచి పెట్టింది. మా గోడ మీదున్న పట్టికే. అవే అంకెలు, అవే గీతలు. కానీ మా దానికంటే రెండింతలు పొడుగుంది.

"ఈ ఆసిడ్‌తో ఇదే చిక్కు," అంది, చాలా మెల్లగా, ఆసుపత్రిలో మాట్లాడినట్టు. "నీళ్ళలో ఆసిడ్ కలుపుతూ పోతే ఒక హద్దు దాకా చిక్కబడుతుంది. సుమారు డెబ్భై ఎనిమిది దాకా. అది దాటాక ఇంకా కలిపితే మళ్ళీ పల్చబడటం మొదలు. అందుకని ఒకే అంకె రెండు చోట్ల వస్తుంది. పల్చటిదైతే నీళ్ళు పోస్తే బుడ్డి మునుగుతుంది. ఘాటుదైతే లేస్తుంది. ఇదిగో, వెయ్యీ యాభై నలభై ఒకటి దగ్గర ఉంది. మళ్ళీ ఇక్కడ, అడుగున."

ఆమె వేలు పేజీ చివరి వరుస మీద ఆగింది. వెయ్యీ యాభైకి ఎదురుగా వంద.

"ఇందులో నీళ్ళు లేవండీ. మొత్తం ఆసిడే."

అక్క ఆ వేలునే చూస్తోంది. నేను గోడని చూస్తున్నాను.

"మీ షెడ్డులో పట్టిక ఎక్కడిదాకా ఉంది?" అని అడిగింది అమ్మాయి.

"యాభై దాకా," అన్నాను.

"మిగతా సగం?"

ఇక్కడ ఒక్క మాట చెప్పి తీరాలి. ఇన్ని వారాలుగా ఈ కథలో ఫోర్‌మన్‌నీ, కంపెనీనీ, లేబుల్ సరిగ్గా అంటించని వాళ్ళనీ తిట్టాను. తిట్టింది వెనక్కి తీసుకోను. కానీ ఆ సగం కాగితాన్ని వాళ్ళెవరూ కోయలేదు. నేనే కోశాను. పదకొండేళ్ళ కిందట, నాకు ఈ పని ఇచ్చిన కొత్తలో. పాత కెమిస్టు ఇచ్చిన కాగితం పొడుగ్గా ఉండి గోడ మీది చెక్కకి పట్టలేదు. పైగా పైనుంచి వేలు పెట్టి దిగుతుంటే, పైన కనిపించిన అంకెలే కింద మళ్ళీ కనిపించాయి. అచ్చు తప్పు అనుకున్నాను. ఒకే బరువుకి రెండు జవాబులు ఉంటాయని ఆరో తరగతిలో నాకెవరూ చెప్పలేదు. మాకు ఎలాగూ యాభై దాటి అక్కర్లేదని బ్లేడు పెట్టి కోసేశాను. అప్పట్నుంచీ పైనుంచి వేలు జార్చుకుంటూ వచ్చి, అంకె కనిపించిన చోట ఆగిపోవడమే.

ఆ రోజు జిగురు గిన్నె పట్టుకుని నా పక్కన నిలబడ్డది మా బావ. "కోసేముందు ఒకసారి ల్యాబులో అడుగుదాం రా," అన్నాడు.

"పదో తరగతి చదివినోడివి కదా, నీకు అన్నీ అనుమానాలే," అన్నాను.

బావ నవ్వి జిగురు పూశాడు.

ఇంకోటి కూడా ఉంది. అది ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. ఆసిడ్ పడ్డ రోజు బావని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది నేనే. ఇంకాసేపు కడగండి, పావుగంట కడగండి అని ఎవరో అరిచారు. "నలభై ఒకటే కదా, ఏం కాదులే," అని నేను కుళాయి కట్టేశాను. మొత్తం రెండు నిమిషాలు కడిగామేమో. బావ కళ్ళు మూసుకుని, నా చెయ్యి పట్టుకుని, "సరే," అన్నాడు. నేను ఏం కాదంటే ఏం కాదనే అనుకున్నాడు.

గొట్టంలోది సింకులో పారబోసి, మిగిలిన సీసాకి మూత బిగించింది అమ్మాయి. "ఫోర్‌మన్ సంతకం లేకుండా నేను కాగితం ఇవ్వలేను. రేపు విచారణలో ఈ సీసా పెట్టండి. అడిగితే అందరి ముందూ మళ్ళీ చేసి చూపిస్తాను. సీసా లేకపోతే మాత్రం నా మాట ఎవరూ వినరు. ఇక్కడ మాత్రం వదలొద్దు. పొద్దుటికి ఉండదు."

సీసాని అక్కే తీసుకుంది.

దారంతా నాకు నాలుగడుగులు ముందు నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. మలుపు దగ్గర మాత్రం ఆగి, ముఖం అటే పెట్టుకుని అడిగింది.

"రేపు చెప్తావా?"

"చెప్తే నా పని పోతుంది అక్కా. పని పోవడంతో ఆగదు కూడా. కేసు పెడతారు."

"నేను అడిగింది అది కాదు."

"చెప్తాను," అన్నాను.

అక్క వాళ్ళింటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. బావ కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉన్నాడు, కళ్ళకి కట్టుతో. ఆయనకి ఆ వెలుగుతో పని లేదు. అయినా ఎప్పుడూ కిటికీ వైపే తిరిగి కూర్చుంటాడు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. మణికట్ల దాకా నీలం. పంతొమ్మిదేళ్ళ రంగు, ఏ సబ్బుకీ పోలేదు. ఒకప్పుడు దాని మీద జోకులు వేసేవాడు, నేను పోయినా నా చేతులు చూసి కార్ఖానా వాళ్ళే వచ్చి తీసుకెళ్తారు అని.

అక్క సీసాని బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడుకి తల తిప్పాడు.

"వచ్చారా. బుడ్డి మాస్టారు కూడా వచ్చాడా?"

"వచ్చాను బావా."

"ఎంత చూపించింది?"

"వెయ్యీ యాభై."

బావ తల ఊపాడు. మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు అడిగాడు.

"కింది సగం చూపించిందా ఆ అమ్మాయి?"

గోడకి ఆనుకున్నాను. బావకని నీళ్ళు ముంచిన గ్లాసు అక్క చేతిలో అలాగే ఉండిపోయింది.

"మీకు తెలుసా?" అంది అక్క. "ఏమండీ, మీకు ముందే తెలుసా?"

"ఆసుపత్రిలో పడుకుని ఏం చేస్తాను? చూడ్డానికేం లేదు. పాతవన్నీ చూసుకున్నాను. జిగురు గిన్నె కనిపించింది."

"మరి గుర్తులేదని ఎందుకు చెప్పారు వాళ్ళకి? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఊరుకుంటావా? వీడి పీక పట్టుకునేదానివి."

"ముంచే ముందు," అన్నాను. "ముంచే ముందు వాసన తెలిసుంటుంది కదా బావా. నీకు ముక్కు పనిచేస్తుంది కదా."

"తెలిసింది."

"మరి ఎందుకు ముంచావు?"

"వాసన ఘాటుగానే ఉంది. ఒక్క క్షణం ఆగాను కూడా. కానీ అంకె ఉంది కదా దాని మీద. నీ చేతి రాత. నా ముక్కు కంటే నీ సుద్దనే నమ్మాను."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

అక్క గ్లాసు పెట్టేసి మంచం దగ్గరికి వెళ్ళింది. "రేపు వీడు చెప్తానన్నాడు. సీసా ఉంది, ఆ అమ్మాయి చేసి చూపిస్తుంది. తప్పు మీది కాదని తేలుతుంది. నెలాఖరు లోపే ఆపరేషన్ అయిపోతుంది. వింటున్నారా?"

"వింటున్నా."

"ఆ కన్ను వస్తుందండీ."

"వస్తుందని కాదు. రావచ్చని. డాక్టరు అన్న మాట అది." బావ మంచం పట్టె పట్టుకుని లేచాడు. "ఆ రావచ్చు కోసం వీణ్ణి లోపల వేయించాలా? వీడికి ఎవరున్నారు? పెళ్ళామా, పిల్లలా? పని పోతే వీడు ఏమవుతాడో నీకు తెలుసు. నీ తమ్ముడు నీకంటే నాకు ఎక్కువ తెలుసు."

"కూర్చోండి. ఎక్కడికి లేస్తున్నారు?"

బావ ఎడమ చెయ్యి ముందుకి చాచి, గోడ తడుముకుంటూ, బల్ల దాకా వచ్చాడు. నీలం వేళ్ళు బల్ల మీద పాకాయి. చెంబు తగిలింది, పక్కకి జరిపాడు. సీసా తగిలింది, పట్టుకున్నాడు. గుండెకి ఆనించుకుని ఇటు తిరిగి, మళ్ళీ గోడ తడుముకుంటూ స్నానాల గది తూము వైపు అడుగులు లెక్కపెట్టుకున్నాడు. ఇంట్లో అన్నిటికీ ఎన్ని అడుగులో ఈ నెలలో నేర్చుకున్నాడు. తూముకి ఆరు.

నాకూ ఆయనకీ మధ్య ఒక కుర్చీ ఉంది, అంతే. రెండంగల్లో వెళ్ళి ఆ సీసా లాక్కోవచ్చు. ఇప్పటిదాకా ఈ కథలో నేను చేసినవన్నీ చెప్పాను, ఇది కూడా చెప్తాను. నా కాళ్ళు కదల్లేదు. భయపడి కాదు. ఆ సీసా ఖాళీ అయితే నా అంకె మళ్ళీ నలభై ఒకటే అవుతుందని, నా లోపల ఎక్కడో ఒకడు అప్పుడే లెక్క కట్టేశాడు.

నాలుగు, అయిదు, ఆరు. బావ తూము దగ్గర ఆగాడు.

అక్క ఆయన్ని ఆపలేదు. అరవలేదు. ఆమె ఆయన వైపు చూడటమే లేదు. నా వైపు చూస్తోంది, కళ్ళార్పకుండా, నేను కదుల్తానా లేదా అని.

సీసా మూత తిరుగుతున్న చప్పుడు వినిపించింది.